రసీదు ఏది?

దర్శి పరిసరాల్లో మిరపకాయ కల్లాల మీద ఎండి, టిక్కీలకెక్కి గుంటూరు యార్డుకు తరలే రోజులు వచ్చాయంటే ఇంటిలో నాలుగు రూపాయలు కనబడతాయి. ఆ రోజుల్లోనే పురుగుమందుల కొట్టు గుమాస్తా వస్తాడు, చీటీలవాడు వస్తాడు, వారి వెనుకనే బీమా ఏజెంటు కూడా వస్తాడు. మొదటి ఇద్దరినీ అనుమానంగానే చూస్తాము. ఏజెంటు సంగతి వేరు. అతడు మనవాడు. వరుసకు తమ్ముడో, బాబాయి కొడుకో, ఆదివారం ఆరాధనలో మన పక్క వరుసలో కూర్చునేవాడో అయి ఉంటాడు. "అక్కా, నువ్వు ఎండన పడి ఒంగోలు దాకా రావడం ఎందుకు? డబ్బు నాకియ్యి, నేను కట్టేస్తాగా" అంటాడు. అక్క లెక్కపెట్టి ఇస్తుంది. రసీదు అడగదు. అడిగితే తమ్ముణ్ణి అనుమానించినట్లు ఉంటుందని ఆమె మొగమాటం.

ఈ వ్యాసం ఆ మొగమాటాన్ని గురించే. తమ్ముడు దొంగ అని చెప్పడం నా ఉద్దేశం కాదు. పల్లెల్లో తిరిగే ఏజెంట్లలో ఎక్కువమంది కష్టపడి బ్రతికేవారే. అయితే బీమా పేరుతో జరిగే మోసాలలో చాలా భాగం ముసుగు వేసుకుని రాత్రివేళ రావు. పగలే, తెలిసిన మనిషి చేతిమీదుగా, మంచినీళ్ళు త్రాగి కబుర్లు చెప్పి వెళతాయి.

ఒక్క రోజు తేడా

1997 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. ప్రతి పాలసీదారు కుటుంబమూ తెలిసికొనవలసిన తీర్పు అది. ఒక వ్యక్తి జీవిత బీమా సంస్థలో నాలుగు పాలసీలు తీసుకున్నాడు. ప్రమాదంలో మరణిస్తే రెట్టింపు సొమ్ము వచ్చే పాలసీలవి. 1987 మార్చిలో కట్టవలసిన ప్రీమియం ఆలస్యమైంది. జూన్‌లో ఆయన ఏజెంటుకు చెక్కు ఇచ్చాడు. ఏజెంటు ఆ చెక్కును సొమ్ము చేసుకున్నాడు గాని ఆఫీసులో కట్టలేదు. ఆగస్టులో పాలసీదారు ప్రమాదంలో చనిపోయాడు. మరుసటి రోజున ఏజెంటు ఆఫీసుకు పరుగెత్తి ప్రీమియం కట్టాడు.

అప్పటికే పాలసీ మురిగిపోయింది. ఆయన కుటుంబం పదేళ్ళు కోర్టులలో తిరిగింది. చివరకు సుప్రీంకోర్టు చెప్పిన మాట ఇది: ఎల్.ఐ.సి. ఏజెంట్ల నిబంధనల ప్రకారం సంస్థ తరఫున ప్రీమియం వసూలు చేసే అధికారం ఏజెంటుకు లేదు. కాబట్టి ఏజెంటు చేతిలో పెట్టిన డబ్బు సంస్థకు చేరినట్లు కాదు. బీమా సొమ్ము ఇవ్వవలసిన బాధ్యత సంస్థపై లేదు.

ఈ తీర్పు కఠినమైనదని నాకూ అనిపిస్తుంది. ఏజెంటును మన ఇంటికి పంపినది సంస్థే కదా! కాని చట్టం అలా ఉన్నప్పుడు మన జాగ్రత్త దానికి తగినట్లు ఉండాలి. మీరు ఇచ్చిన డబ్బు ఆఫీసు కౌంటరుకు చేరేవరకు ఏజెంటు మీ మనిషే గాని సంస్థ మనిషి కాడు. అతడి జేబులో డబ్బు ఉన్నంతకాలం నష్టపోయేది మీరే. తర్వాతి కాలంలో ఎల్.ఐ.సి. కొందరు ఏజెంట్లకు ప్రీమియం వసూలు చేయడానికి ప్రత్యేకంగా అనుమతి ఇచ్చింది. అలాంటివారు అక్కడికక్కడే పాలసీ నంబరు, తేదీ, సొమ్ము అచ్చయిన రసీదు ఇస్తారు. చిత్తు కాగితం మీద "ముట్టినది" అని వ్రాసి సంతకం పెట్టినది రసీదు కాదు. "వాట్సాప్‌లో పంపుతాలే" అన్నదీ రసీదు కాదు.

జీతగాళ్ళ సంగతి కొంత మెరుగు. జీతం నుండి ప్రీమియం మినహాయించి పంపించే పథకంలో యజమాని డబ్బు కోసి సంస్థకు పంపకపోతే, ఆ యజమానిని సంస్థకు ప్రతినిధిగానే చూడాలని అదే సుప్రీంకోర్టు 1999లో ఢిల్లీ విద్యుత్ సంస్థ కేసులో చెప్పింది. అక్కడ ఉద్యోగి భార్య గెలిచింది. పొలం చేసుకొనేవారికి, కూలికి వెళ్ళేవారికి ఆ రక్షణ లేదు. వారికున్నది రసీదు ఒక్కటే.

ఏడాదికొకసారి ప్రీమియం కట్టేవారు రసీదు చేతికి రాకపోయినా ఏడాదంతా గమనించరు. అందుకే గడువు తేదీ ఇంటిలో అందరికీ తెలియాలి. ఏడాదికి, ఆరు నెలలకు, మూడు నెలలకు కట్టే పాలసీలకు గడువు దాటిన తరువాత ముప్పది రోజులు, నెల నెలా కట్టేవాటికి పదిహేను రోజులు అదనపు సమయం ఉంటుంది. ఆ లోపల రసీదు మీ చేతికి రాకపోతే ఏజెంటును కాదు, నేరుగా బ్రాంచి ఆఫీసును అడగండి. పాలసీ నంబరు చెబితే చాలు. ప్రీమియం ఎంతవరకు కట్టి ఉందో వారు చెబుతారు. ఏజెంటు మీ సెల్‌ఫోను నంబరుకు బదులు తన నంబరు వ్రాసి ఉంటే సంస్థ పంపే సందేశాలన్నీ అతడికే పోతాయి. ఇది చిన్న గుర్తుగా కనబడుతుంది గాని, నేను మొట్టమొదట చూడమనేది దీనినే.

ఫారం నింపేటప్పుడు

మోసాలలో రెండవ రకం పాలసీ పుట్టిన రోజునే పుడుతుంది. ప్రపోజల్ ఫారంలో ఆరోగ్యాన్ని గురించి ప్రశ్నలు ఉంటాయి. షుగరు ఉందా? బి.పి. ఉందా? క్షయకు మందులు వాడారా? ఆసుపత్రిలో చేరారా? ఏజెంటు ఒక్కొక్కటీ చదివి వినిపించడు. అన్నింటికీ "లేదు" అని టిక్కు పెట్టి, "ఇక్కడ వేలిముద్ర వెయ్యి పెద్దమ్మా" అంటాడు. నిజంగానే షుగరు ఉందని పెద్దమ్మ చెప్పినా, "అది వ్రాస్తే పాలసీ రాదు, ఊరుకో" అంటాడు. అతడికి కమీషను వచ్చింది. పెద్దమ్మ ఏడాదిన్నరకు చనిపోయింది. విచారణకు వచ్చినవారు ఆసుపత్రి చీటీలు తీశారు. అబద్ధం చెప్పినది ఎవరు? కాగితం మీద ఉన్నది పెద్దమ్మ వేలిముద్ర!

1938 నాటి బీమా చట్టంలో 45వ సెక్షను ఈ విషయానికి సంబంధించినది. 2015లో దానిని సవరించారు. పాలసీ మొదలైన మూడేళ్ళ లోపల, ముఖ్యమైన విషయం దాచారనో మోసం చేశారనో రుజువైతే సంస్థ పాలసీని రద్దు చేయవచ్చు. మోసమని తేలితే కట్టిన ప్రీమియం కూడా పోవచ్చు. మూడేళ్ళు నిండిన తరువాత ఏ కారణం చేతనైనా పాలసీని ప్రశ్నించడానికి వీలులేదు. మురిగిన పాలసీని తిరిగి బ్రతికిస్తే ఆ మూడేళ్ళ లెక్క మళ్ళీ మొదటి నుండి ఆరంభమవుతుంది. ఉన్న జబ్బు చెబితే చాలాసార్లు పాలసీ రాకుండా పోదు. ప్రీమియం కొంచెం పెరుగుతుంది, లేక వైద్య పరీక్ష అడుగుతారు. అంతమాత్రానికి భయపడి కుటుంబాన్ని మూడేళ్ళు గాలిలో దీపంగా ఉంచవద్దు.

ఖాళీ ఫారం మీద సంతకం అసలే వద్దు. వేలిముద్ర వేసేవారికి ఫారంలోని సంగతులు వారి భాషలో వివరించామని వేరొకరు సాక్షిగా సంతకం చేయాలి. ఇక్కడ మన పాస్టరుగార్లకు ఒక మాట. పల్లెలో చదువుకున్నవారు, గౌరవం గలవారు అని ఆ సాక్షి సంతకానికి మీ వద్దకే వస్తారు. చదివి వినిపించకుండా సంతకం చేస్తే, వినిపించామని మీరు అబద్ధం వ్రాసినట్లే. వయస్సు విషయంలోనూ అంతే. జనన ధృవపత్రాలు లేని రోజుల్లో బాప్తిస్మ పత్రాన్ని, పుట్టిన తేదీ వ్రాసి ఉన్న కుటుంబ బైబిలు నకలును కూడా ఎల్.ఐ.సి. వయస్సు రుజువుగా తీసుకునేది. సంఘపు రిజిస్టరుకు అంత విలువ ఉండేది. ప్రీమియం తగ్గడానికి అందులో ఐదేళ్ళు తగ్గించి వ్రాయమని అడిగేవాడు తనకు సహాయం చేయమని అడగడం లేదు, ఆ రిజిస్టరును అమ్మమని అడుగుతున్నాడు.

బీమా అన్న ఏర్పాటు నిలిచేదే నిజమైన లెక్కల మీద. లెక్కగట్టి నడిపిన మొదటి నిధులలో ఒకటి పాస్టర్ల కుటుంబాల కోసమే పుట్టింది. 1740లలో స్కాట్లాండులో రాబర్ట్ వాలెస్, అలెగ్జాండర్ వెబ్‌స్టర్ అనే ఇద్దరు సేవకులు, చనిపోయిన పాస్టర్ల భార్యల కోసం, తండ్రిలేని పిల్లల కోసం ఒక నిధి ఆలోచించారు. ఏటా ఎంతమంది పాస్టర్లు మరణిస్తున్నారు, ఎంతమంది విధవరాండ్రు మిగులుతున్నారు అని సంఘాల నుండి వివరాలు తెప్పించి, గణిత పండితుడైన కోలిన్ మెక్లారిన్ చేత సరిచూపించారు. ఆ వివరాలలో అబద్ధం ఉంటే నిధి కూలిపోయి ఉండేది. మన దేశంలో ప్రైవేటు బీమా కంపెనీలు కొన్ని పాలసీదారుల డబ్బును సొంతానికి వాడుకోవడం వలననే 1956లో ప్రభుత్వం 245 సంస్థలను కలిపి, సెప్టెంబరు 1న జీవిత బీమా సంస్థను నెలకొల్పింది. అంటే మోసం కంపెనీ వైపు నుండీ రావచ్చు, ఏజెంటు వైపు నుండీ రావచ్చు, మన వైపు నుండీ రావచ్చు.

తీపి మాటలు

"మొదటి ప్రీమియం నేనే కడతాను బావా, నువ్వు సంతకం పెట్టు చాలు." ఈ మాట వినని పల్లె ఉంటుందని నేను అనుకోను. ఏజెంటు తన కమీషను నుండి పాలసీదారుకు డబ్బు తిరిగి ఇవ్వడాన్ని బీమా చట్టం 41వ సెక్షను నిషేధించింది. ఇచ్చినవాడిదే కాదు, పుచ్చుకున్నవాడిదీ తప్పే. 2015 సవరణ తరువాత జరిమానా పది లక్షల రూపాయల వరకు ఉండవచ్చు. నిజానికి మనకు నష్టం వచ్చేది మరోచోట. మొదటి ఏడు అతడు కడతాడు, రెండవ ఏడు అతడు కనబడడు, మనము కట్టలేము, పాలసీ పోతుంది.

మిరప డబ్బు బ్యాంకులో ఫిక్సెడ్ డిపాజిట్ వేద్దామని వెళ్ళిన తాతగారు ఐదేళ్ళు ఏటా కట్టవలసిన బీమా పాలసీతో ఇంటికి వచ్చిన సంగతులు ఉన్నాయి. "ఇది డిపాజిట్ లాంటిదే, ఇంకా ఎక్కువ వస్తుంది" అని చెప్పి ఉంటారు. పంట అప్పు కావాలంటే పాలసీ తీసుకోవాలని చెప్పే చోట్లూ ఉన్నాయి. ఇంటికి వచ్చిన కాగితం మీద "పాలసీ" అని, "ప్రీమియం" అని ఉంటే అది డిపాజిట్ కాదు. అయితే దారి ఉంది. పాలసీ పత్రం చేతికి వచ్చిన ముప్పది రోజుల లోపల "నాకు వద్దు" అని వ్రాసి తిరిగి ఇచ్చివేయవచ్చు. ఇదివరకు ఈ గడువు సాధారణంగా పదిహేను రోజులే. 2024 నుండి అందరికీ ముప్పది రోజులు చేశారు. కొద్దిపాటి ఖర్చులు పట్టుకుని మిగిలిన డబ్బు తిరిగి ఇస్తారు. పాలసీ పత్రం వచ్చిన రోజే చదువుకున్న పిల్లవాడి చేత పైకి చదివించుకోండి. పెట్టెలో పెట్టి తాళం వేయడం తరువాత.

మరొకటి ఫోను. "మీ పాత పాలసీ మీద బోనసు వచ్చింది, విడుదల కావాలంటే ముందు పన్ను కట్టాలి" అంటారు. తాము హైదరాబాదులోని బీమా నియంత్రణ సంస్థ ఐ.ఆర్.డి.ఎ.ఐ. నుండి మాట్లాడుతున్నామంటారు. ఆ సంస్థ పాలసీలు అమ్మదు, బోనసులు ప్రకటించదు, ఎవరి దగ్గరా డబ్బు వసూలు చేయదు. ఈ సంగతి ఆ సంస్థే పలుమార్లు బహిరంగంగా ప్రకటించింది. ఫోను పెట్టేయడమే జవాబు.

భయపెట్టే రకం

ఇక చెప్పబోయేది వ్రాయడానికి మనసు ఒప్పదు గాని చెప్పక తప్పదు. అద్దంకి నుండి నార్కట్‌పల్లి వెళ్ళే రహదారి మీద కృష్ణ దాటగానే వచ్చేది నల్లగొండ జిల్లా దామరచర్ల మండలం. 2021 మార్చిలో అక్కడి పోలీసులు ఒక ముఠాను పట్టుకున్నారు. పోలీసుల కథనం ప్రకారం ఆ ముఠా జబ్బుపడినవారిని, త్రాగుడుకు బానిసలైనవారిని ఎంచుకునేది. వారి పేర బీమా చేయించేది, ప్రీమియం తానే కట్టేది. తరువాత వారిని చంపి, శవాన్ని రోడ్డు మీద పడవేసి, వాహనం గుద్దినట్లు చూపేది. ఆ విధంగా ఐదుగురు చనిపోయారని పోలీసులు చెప్పారు. కొందరి విషయంలో నామినీగా ఉన్న సొంత ఇంటివారికే వాటా ఇచ్చి లోబరచుకున్నారట. నిందితులలో బీమా ఏజెంటు కూడా ఉన్నాడు. 2023 జనవరిలో మెదక్ జిల్లా టేక్మాల్ మండలంలో కాలిపోయిన కారులో ఒక శవం దొరికింది. కారు యజమాని అయిన ప్రభుత్వోద్యోగి చనిపోయాడని అందరూ ఏడ్చారు. కొద్ది రోజులకు అతడు బ్రతికే ఉన్నాడని, కోట్ల రూపాయల బీమా కోసం వేరొక మనిషిని చంపి తన శవంగా చూపాడని పోలీసులు తేల్చారు.

ఇలాంటివి అరుదు. కాని వాటికి ముందు కనబడే గుర్తులు అరుదు కావు. మీ ఇంటిలో త్రాగుబోతు అన్న ఉన్నాడు. ఇంతవరకు అతడి ముఖం చూడనివారు హఠాత్తుగా అతడి మీద ప్రేమ చూపి, సీసా కొనిపెట్టి, ఆధారు కార్డు, ఫోటో, సంతకం తీసుకున్నారు. ఒకే మనిషి పేర తక్కువ కాలంలో రెండు మూడు కంపెనీలలో పాలసీలు వచ్చాయి. నెలకు ఐదు వేలు సంపాదించని మనిషికి ఏటా ముప్పది వేల ప్రీమియం ఎవరో కడుతున్నారు. నామినీ చోట రక్తసంబంధం లేని పేరు ఉంది. అప్పిచ్చినవాడు పాలసీని తన పేర బదలాయించమని కాగితం మీద సంతకం అడిగాడు. వీటిలో ఏ ఒక్కటి కనబడినా అడగవలసినవారు ఇంటివారే. ఆ అన్న త్రాగి పడి ఉంటాడని ఇంటిలోనే అతణ్ణి లెక్కనుండి తీసివేస్తే, బయటివాడు అతడికి వెల కడతాడు.

చావు ఇంటిలో

మరణం జరిగిన మూడవ రోజుకే ఒకడు వస్తాడు. "క్లెయిము నేను తెప్పిస్తాను వదినా, పైన వాళ్ళకు ఇవ్వాలి, సగం నాకు" అంటాడు. ఖాళీ చెక్కులు, బ్యాంకు పుస్తకం అడుగుతాడు. క్లెయిము ఫారాలు బ్రాంచిలో ఉచితంగా ఇస్తారు. ఎవరికీ ఏమీ ఇవ్వనవసరం లేదు. బ్యాంకు ఖాతా నుండి ఏటా 436 రూపాయలు కోసుకునే ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా కూడా అంతే. 2015లో మొదలైన ఈ పథకంలో రెండు లక్షలు వస్తాయి, దరఖాస్తు ఇవ్వవలసినది ఆ బ్యాంకులోనే. చనిపోయినవారి ఖాతాలో ఆ కోత ఉన్నదీ లేనిదీ ఇంటివారికే తెలియదు. ముందు పాసుపుస్తకం చూపించి అడగండి.

మన పత్తి, మిరప పల్లెల్లో ఒక ప్రత్యేకమైన దుఃఖం ఉంది. పురుగుమందు త్రాగి చనిపోయిన రైతు భార్య వద్దకు వచ్చి, "ఆత్మహత్య అంటే ఒక్క పైసా రాదు, పాము కరిచిందని వ్రాయిద్దాం, ఇంత ఖర్చవుతుంది" అనేవారున్నారు. మామూలు జీవిత బీమా పాలసీలో ఆత్మహత్య మినహాయింపు మొదటి పన్నెండు నెలలకే. ఆ తరువాత అసలు బీమా సొమ్ము రావలసినదే. ప్రమాద మరణానికి ఇచ్చే అదనపు సొమ్ము మాత్రం రాదు. నిజం చెబితే వచ్చే డబ్బును అబద్ధం చెప్పి పోగొట్టుకోవడం ఇది. పైగా ఆమె మీద కేసు. ఆ సమయంలో ఆమె పక్కన కూర్చొని పాలసీ తేదీ చూసి చెప్పగలవారు సంఘంలో ఒక్కరుంటే చాలు.

సంస్థ క్లెయిము ఇవ్వకపోతే ముందు ఆ సంస్థకే వ్రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. జవాబు రాకపోయినా, న్యాయంగా లేకపోయినా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు వ్రాయవచ్చు. ఆంధ్రప్రదేశ్ ఆ కార్యాలయం పరిధిలోనిదే. ఫీజు లేదు, వకీలు అవసరం లేదు. యాభై లక్షల రూపాయల వరకు వివాదాలు వింటారు. సంస్థ కాదన్న ఏడాది లోపల వెళ్ళాలి. ఐ.ఆర్.డి.ఎ.ఐ. వారి ఉచిత ఫోను నంబరు 155255కి తెలుగులోనే చెప్పుకోవచ్చు. ఏజెంటు డబ్బు తినేశాడంటే మాత్రం బ్రాంచి మేనేజరుకు కాగితం ఇచ్చి, దాని నకలు మీద ముద్ర వేయించుకుని, పోలీసుస్టేషనుకు వెళ్ళాలి. "మనవాడే, సంఘంలో పరువు పోతుంది" అని పెద్దలు సర్దిచెప్పి పంపిన ప్రతిసారీ అతడు ప్రక్క ఊరికి వెళతాడు.

మన ఇళ్ళలో కుటుంబ బైబిలు ముందు పేజీలో పెండ్లి తేదీలు, పిల్లలు పుట్టిన తేదీలు వ్రాసుకునే అలవాటు తాతలనాటిది. అక్కడే క్రింద నాలుగు పంక్తులు చేర్చండి: ఏ కంపెనీ, పాలసీ నంబరు, నామినీ ఎవరు, ప్రీమియం గడువు ఏ నెల. రసీదులు ఆ బైబిలులోనే వద్దు, చెదలు పడతాయి. రేకుపెట్టెలో పెట్టి, ఆ సంగతి ఇంటిలో ఇద్దరికైనా చెప్పండి.